105 పోకకాయల గెల

హనోయ్‌లో ఉద్యోగానికి వచ్చిన తరవాత మూడేళ్లపాటు నేను వెళ్లిన వియత్నామ్ పెళ్లిళ్లన్నీ హోటల్ హాళ్లలో జరిగినవే. సాయంత్రం ఆరింటికి వెళ్లడం, గుమ్మం దగ్గరి పెట్టెలో కవరు వేయడం, తెల్ల గౌనులో ఉన్న పెళ్లికూతురి పక్కన నిలబడి ఫోటో దిగడం, గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని వడ్డించినవి తినడం, ఎనిమిది కాకముందే హాలు ఖాళీ అయిపోవడం. వీళ్ల పెళ్లి అంటే ఇంతే కాబోలునని నేను నమ్మాను, తునిలో ఉన్న మా అమ్మకు ఫోనులో కూడా అదే చెప్పాను. అది తప్పని నాకు పోయిన నవంబరులో తెలిసింది. హాలులో మనం చూసేది పెళ్లి అయిపోయిందని ఊరికి చెప్పే విందు మాత్రమే. అసలు పెళ్లి అంతకు ముందే, ఇంటి ముందుగదిలో, పూర్వీకుల పీఠం ఎదుట, ఇరువైపుల పెద్దవాళ్ల మాటల మధ్య జరిగిపోయి ఉంటుంది. అక్కడికి పిలుపు అందిన విదేశీయులు తక్కువ. నాకు ఆ భాగ్యం కలిగింది కాబట్టి, చూసినది చూసినట్టు రాసిపెట్టుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి నాకంటే నాలుగేళ్లు చిన్నది, నన్ను ‘చి’ అని, అంటే అక్కా అని పిలుస్తుంది. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె, తన అన్ హోయ్‌లో పళ్లేలు అందుకోవలసిన అమ్మాయిల్లో ఒకరు రాలేకపోతున్నారని చెప్పి, ఆ స్థానంలో నన్ను నిలబడమని అడిగింది. అన్ హోయ్‌ను నిశ్చితార్థం అనవచ్చు గానీ, ‘తాంబూలాలు పుచ్చుకోవడం’ అని మన పెద్దవాళ్లు వాడే మాటే దానికి సరిగ్గా సరిపోతుంది. మగపెళ్లివారు ఎర్రగుడ్డ కప్పిన పళ్లేలతో వస్తారు. వాటిని మోసుకొచ్చేది పెళ్లికాని అబ్బాయిలు, గుమ్మంలో అందుకునేది అంతేమంది పెళ్లికాని అమ్మాయిలు. ఉత్తరాదిన పళ్లేల సంఖ్య 5, 7, 9, 11 ఇలా బేసిగా ఉండాలి, దక్షిణాదిన సైగాన్ వైపు మాత్రం 6, 8 లాంటి సరిసంఖ్యలనే శుభమంటారు. పరాయి దేశపు మనిషిని నిలబెడితే మీ పెద్దవాళ్లు ఏమీ అనుకోరా అని అడిగాను. పెళ్లి అయిందా లేదా అన్నదొక్కటే చూస్తారని ఆమె బదులిచ్చింది.

వాళ్ల ఊరు దిన్ బాంగ్, హనోయ్‌కి ఉత్తరాన బాక్ నిన్ వెళ్లే దారిలో, గంట ప్రయాణం కూడా లేని దూరంలో ఉంది. వియత్నామ్ చరిత్రలో ఆ ఊరికి పెద్ద పేరే ఉంది. 1010లో రాజధానిని ఇప్పటి హనోయ్ ఉన్న చోటికి మార్చిన లీ వంశ స్థాపకుడి సొంతగడ్డ అది, ఆ వంశపు ఎనిమిదిమంది రాజులకు కట్టిన గుడి ఇప్పటికీ అక్కడ ఉంది. పెళ్లివారి ఇల్లు ఆ గుడికి కాస్త దూరంలో, రెండు మోటారు సైకిళ్లు ఎదురెదురుగా వస్తే ఒకటి ఆగవలసినంత ఇరుకు సందులో ఉంది. సందు మొదట్లోనే ఎర్ర పందిరి వేశారు, ప్రతి తలుపుమీదా ‘జంట ఆనందం’ అనే అర్థమున్న పాత చీనా అక్షరాన్ని ఎర్ర కాగితంలో కత్తిరించి అంటించారు. నేను వెళ్లేసరికి ఉదయం ఏడు కూడా కాలేదు, అయినా వంటపాత్రల దగ్గర పదిమంది ఆడవాళ్లు పని సగం ముగించి ఉన్నారు.

నాకు ముదురు ఎరుపు ఆవ్ జాయ్ అద్దెకు తెచ్చి ఉంచారు. మెడదాకా గుండీలతో ఒంటికి అతుక్కుని, నడుము దగ్గరినుంచి రెండు పక్కలా చీలి కాళ్లదాకా జారే ఆ పొడుగు చొక్కా, దాని కింద వదులు పైజామా చూడడానికి ఎంతో సుకుమారంగా ఉంటాయి. నిజానికి అందులో మనిషి వంగి నిలబడడం సాధ్యం కాదు, వెన్ను దానంతట అదే నిటారుగా నిలుస్తుంది. పెళ్లికూతురి పిన్ని నా కాలరు సరిచేస్తూ, పళ్లేన్ని కిందినుంచి రెండు అరచేతులతో పట్టుకోవాలనీ, అంచు పట్టుకోకూడదనీ, అందుకున్న తరవాత వెనక్కి చూడకుండా లోపలికి నడవాలనీ చెప్పింది. ఏడుగురం వరసగా నిలబడ్డాం. ఎదురుగా నల్లప్యాంటు, తెల్లచొక్కా, ఎర్ర టై కట్టుకున్న ఏడుగురు అబ్బాయిలు వచ్చి ఆగారు. నా ఎదుట నిలబడిన అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయేమో, పండ్ల పళ్లెం వాడి వంతుకు వచ్చింది, బరువుకు మణికట్లు సన్నగా వణుకుతున్నాయి. పళ్లెం చేతులు మారే ఆ ఒక్క క్షణంలో వాడు చిన్న ఎర్ర కవరును నా వేళ్ల మధ్యకు జరిపాడు, నేను నా దగ్గర ఉంచిన కవరును వాడికి ఇచ్చాను. పెళ్లికాని పిల్లలు పదేపదే ఇతరుల పెళ్లి పళ్లేలు మోస్తే తమ పెళ్లిరాత తరిగిపోతుందని ఒక నమ్మకం ఉందట, ఈ ఇచ్చిపుచ్చుకోవడంతో ఎవరి రాత వాళ్లకు తిరిగి వచ్చేస్తుందట. కవర్లలో ఉండేది కొద్ది డబ్బే, ఇరువైపులా సమానంగా.

పళ్లేలను ముందుగదిలో పొడుగు బల్లమీద పేర్చి, ఇరువైపుల తల్లులూ కలిసి ఒక్కొక్కదాని మీది ఎర్రగుడ్డ తీశారు. థాయ్ న్గుయెన్ కొండల టీ, తామరగింజలు, మద్యం, సిగరెట్లు, పండ్లు, ఎర్రటి జిగురు అన్నం, దానిమీద పూర్తిగా ఉడికించిన కోడి ఉన్నాయి. ఆ అన్నం పేరు సోయ్ గక్. మన ఆగాకరకాయకు దగ్గరి బంధువైన ఒక పండు గుజ్జు కలిపితే ఆ రంగు వస్తుంది, వేరే రంగేమీ వేయరు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి రెండు రకాల పిండివంటలు. ఒకటి బాన్ కోమ్, లేత పచ్చి ధాన్యాన్ని వేయించి దంచిన ఆకుపచ్చ అటుకులతో చేసి లోపల పెసరపప్పు ముద్ద పెట్టిన చతురస్రపు మిఠాయి. హనోయ్‌లో హాంగ్ థాన్ అనే వీధి దీనికి పుట్టిల్లు, అక్కడి దుకాణాలు చాలావరకు పెళ్లి పళ్లేలవే. రెండోది బాన్ ఫూ థే, ఆ పేరుకు అర్థమే ‘భార్యాభర్తల రొట్టె’. దానికి పేరుమోసిన ఊరు ఈ దిన్ బాంగే. గార్డీనియా కాయల రసంతో పసుపు రంగు వేసిన పిండి, లోపల పెసరపప్పు, కొబ్బరి, పిండిలో పచ్చిబొప్పాయి తురుము. ఆకులో చుట్టి, రెండేసి ముఖాముఖీ పెట్టి ఎర్రదారంతో కడతారు, ఒంటిగా ఎవరూ అమ్మరు, ఎవరూ పెట్టరు. కొబ్బరీ పెసరపప్పూ కలిసిన ఆ రుచి నాకు మా ఇంటి పూర్ణాన్ని జ్ఞాపకం చేసింది.

అన్నిటికంటే ముందు గుడ్డ తీసిన పళ్లెంలో మాత్రం తినేవేమీ లేవు. అందులో ఒక పచ్చి పోక గెల, దాని చుట్టూ పొరలు పొరలుగా పేర్చిన తమలపాకులు ఉన్నాయి. తునిలో పుట్టి, తమలపాకు తోటల మధ్య పెరిగిన నాకు ఆ వాసన గదిలోకి అడుగు పెట్టగానే తెలిసింది. గెలలో 105 కాయలు ఉండేలా ఏరి తెస్తారని పెళ్లికూతురి అన్న చెప్పాడు. వియత్నామీస్‌లో ‘నమ్’ అనే మాటకు ఐదు అనే అర్థమూ ఉంది, సంవత్సరం అనే అర్థమూ ఉంది, అందుచేత వందా ఐదు అనే లెక్కలో నూరేళ్లు అనే దీవెన దాగి ఉంటుంది. మనం నూరేళ్లు అని నోటితో దీవిస్తే వీళ్లు దాన్ని లెక్కపెట్టి చెట్టునుంచి కోసి తెస్తారు.

ఆకూ వక్కా ఎందుకు అంత ముఖ్యమయ్యాయో చెప్పే కథ అక్కడ చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఒకే పోలికలో ఉండే అన్నదమ్ములు ఇద్దరు. అన్నకు పెళ్లయింది. తన ఉనికి అన్నకు బరువైందని తమ్ముడు నొచ్చుకుని ఇల్లు విడిచి, ఒక ఏటి ఒడ్డున ఏడ్చి ఏడ్చి ప్రాణం విడిచి సున్నపురాయి అయ్యాడు. వెతుక్కుంటూ వచ్చిన అన్న ఆ రాతి పక్కనే కూలిపోయి పోకచెట్టు అయ్యాడు. భర్తను వెతుక్కుంటూ వచ్చిన భార్య ఆ చెట్టును చుట్టుకుని తమలపాకు తీగ అయింది. తరవాత ఆ దారిన వెళ్లిన రాజు ఆ మూడింటినీ కలిపి నమిలి చూస్తే ఎర్రటి రసం ఊరిందట, అప్పటినుంచి పెళ్లిమాటకు అదే సాక్ష్యమైందట. వినడానికి ఇది దాంపత్యం కథలా ఉంటుంది గానీ, నాకైతే ఇది అన్నదమ్ముల కథగానే వినిపించింది. కొత్త కోడలు వచ్చిన ఇంట్లో పాత బంధాలు చెదరకూడదన్న భయం ఇందులో ఉంది. పెళ్లినాడే ఆ భయాన్ని తలుచుకుని, మూడింటినీ ఒకే నోట కలపడం ఎంతో లోతైన ఆలోచన అనిపించింది.

పెద్దవాళ్లు కూర్చున్న తరవాత జరిగినదాన్ని గమనించండి. పురోహితుడు లేడు, మంత్రం లేదు, హోమం లేదు. మగపెళ్లివారి తరఫున పెళ్లికొడుకు పెదనాన్న లేచి నిలబడి, తమవైపు వచ్చినవాళ్లను వరసలతో సహా ఒక్కొక్కరినీ పరిచయం చేశారు, ఆకూ వక్కా తెచ్చామనీ, పిల్లను తమ ఇంటి బిడ్డగా చూసుకుంటామనీ చెప్పి స్వీకరించమని అడిగారు. ఆడపెళ్లివారి తరఫున పెళ్లికూతురి తాతగారి తమ్ముడు అంతే నిదానంగా లేచి, వాటిని స్వీకరిస్తున్నామని బదులు చెప్పారు. ఆకు నమలడంతోనే మాట మొదలవుతుందని వాళ్లకు ఒక సామెత ఉంది, ఆ సామెత ఆ గదిలో అక్షరాలా నడిచింది. పళ్లేలతోబాటు మూడు కవర్లు కూడా ఇచ్చారు: తండ్రివైపు పూర్వీకుల పీఠానికి ఒకటి, తల్లివైపు పీఠానికి ఒకటి, పిల్లను పెంచిన తల్లిదండ్రులకు ఒకటి. డబ్బు మగవారి ఇంటినుంచి ఆడవారి ఇంటికి వెళ్లడం చూస్తూ, మన పెద్దలు చెప్పే ఓలి గుర్తుకు వచ్చి, నేను కాసేపు ఆ కవర్ల మీదనుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

అప్పటిదాకా పెళ్లికూతురు మేడమీది గదిలోనే ఉంది. మాట పూర్తయిన తరవాతే పెళ్లికొడుకు పైకి వెళ్లి ఆమెను చేయిపట్టి కిందికి తీసుకువచ్చాడు. ఇద్దరూ ముందుగా పూర్వీకుల పీఠం ఎదుట నిలబడి అగరువత్తులు వెలిగించి మూడుసార్లు తలవంచారు. పీఠంమీద ముత్తాత ముత్తవ్వల ఫోటోలు, పండ్లు, దీపాలు, అప్పుడే పళ్లెంలోంచి తీసి పెట్టిన కొన్ని పోకకాయలు ఉన్నాయి. ఆ ఇంట్లో ఒక కొత్త బంధం కలుస్తున్న సంగతి ముందుగా తెలియవలసింది చనిపోయినవాళ్లకు, ఆ తరవాతే బతికున్నవాళ్లకు. చట్టం ప్రకారం పెళ్లి నమోదు మండల కార్యాలయంలో చేయించాలి, ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 20 నిండాలి. వీళ్లిద్దరూ రెండు వారాల ముందే సంతకాలు పెట్టి కాగితం తెచ్చుకున్నారు. అయినా ఈ అగరువత్తులు వెలిగేదాకా ఆ ఇంట్లో ఒక్కరు కూడా వాళ్లను భార్యాభర్తలని అనలేదు.

టీ పోస్తున్నప్పుడు పెళ్లికూతురి నాయనమ్మ నన్ను సైగచేసి పక్కన కూర్చోమంది. ఆమెకు తొంభై దాటాయి, పళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆమె కాలపు ఆడపిల్లలు పళ్లకు నల్లరంగు వేయించుకునేవారు, తెల్లపళ్లు అందం కాదని అప్పటి భావన. ఆమె ముందు ఇత్తడి పెట్టె, చిన్న కత్తి, సున్నం కుండ ఉన్నాయి. పచ్చి పోకకాయను తొక్క కొంత ఉంచి నిలువుగా ఆరు ముక్కలుగా కోసింది, లోపల ఎర్రటి గీతలున్న తెల్లని గింజ కనిపించింది. ఆకుమీద గోటితో సున్నం రాసి, అంచులను కత్తితో సన్నగా చీల్చి, చుట్టి, మొనలు పక్షి రెక్కల్లా విచ్చుకునేలా మడిచింది. దాన్ని ఫీనిక్సు రెక్కల మడత అంటారట. బాక్ నిన్ వైపు ఆడవాళ్లు దానికి పేరు పొందినవాళ్లు. పక్కన ఒక చెట్టు ఎర్రని బెరడు ముక్క పెట్టి నాకు అందించింది. నేను ఒక ఆకు తీసుకుని, ఈనె గిల్లి, మా అమ్మమ్మ మడిచినట్టు మూడు కోణాల చిలకగా మడిచి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, మడత విప్పి, మళ్లీ అలాగే మడవడానికి ప్రయత్నించి, రెండోసారికి సాధించింది. మా ఇద్దరికీ కలిసిన మాటలు పది కూడా లేవు. మన ఎండు వక్కకంటే వాళ్ల పచ్చి పోక చాలా వగరు, క్షణంలో చెవులు వేడెక్కి నుదుట చెమట పట్టింది. ఆమె నా వీపుమీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరింది.

మగపెళ్లివారు లేవబోయే ముందు, వచ్చినవాటిలో కొంత భాగాన్ని తిరిగి వాళ్లకే ఇవ్వాలి. దాన్ని ‘లాయ్ క్వా’ అంటారు. అందరూ హడావుడిగా ఉన్నారు, గెలను విడదీస్తున్న పిన్నిగారి వేళ్లకు కాడలు లొంగడం లేదు. నేను సాయం చేద్దామని బల్లమీది కత్తెర తీసి ముందుకు వెళ్లాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. కోపంగా కాదు గానీ గట్టిగానే పట్టుకుంది. పెళ్లి పళ్లెంలోకి ఇనుము రాకూడదు, కోయడమంటే బంధాన్ని తెంచడమే, చేత్తోనే తుంచాలి. నా ముఖం పాలిపోవడం చూసి ఆమె కత్తెరను తన చేత్తోనే తీసి సొరుగులో పెట్టి, గెల రెండో కొసను నా చేతికి ఇచ్చి పట్టుకోమంది. ఇద్దరం చెరోవైపూ లాగి కాడలు తుంచాం, పచ్చి పసరు గోళ్లలోకి దిగింది. తిరిగి ఇచ్చే పళ్లేలమీద మూతలు బోర్లించకూడదనీ, వెల్లకిలా పెట్టి పంపాలనీ అప్పుడే తెలిసింది. మిగిలిన ఆకులు, వక్కలు, రొట్టెలు, టీ పొట్లాలను ఆ సాయంత్రమే చిన్నచిన్న సంచుల్లో కట్టి వీధిలో ఇల్లిల్లూ తిరిగి పంచారు. తాంబూలం అందిన ఇంటికి పెళ్లికబురు అందినట్టే.

పెళ్లి తేదీ డిసెంబరు చివరివారానికి పడింది. అబ్బాయి, అమ్మాయి పుట్టిన సంవత్సరాలు కలిపి చూసి, ముఖ్యంగా అమ్మాయి వయసుకు ఆ ఏడు పెళ్లి పొసుగుతుందో లేదో చూసి, చాంద్రమానంలో మంచిరోజు పెట్టించారు. వాళ్ల ఏడో నెలలో పెళ్లిళ్లు చేయరు, మన శూన్యమాసం పట్టింపులాగే. రోజును పన్నెండు జంతువుల పేర్లతో రెండేసి గంటల గడియలుగా పంచే పాత లెక్క కూడా ముహూర్తాల దగ్గర ఇంకా బతికే ఉంది.

ఆడపెళ్లివారి విందు పెళ్లికి ముందురోజే, ఉదయం పదింటికి మొదలైంది. పందిరి కింద చాపలూ బల్లలూ వేసి, ఆరుగురికి ఒక్కో పళ్లెం చొప్పున పెట్టారు. నిమ్మాకు తురుము చల్లిన ఉడికించిన కోడి, మాంసం కూరి వేయించిన ‘నెమ్’ అనే చుట్టలు, వెదురుమొలకల పులుసు, సోయ్ గక్ ఉన్నాయి. నేను పంది మాంసం తిననని ముందే తెలుసుకుని, నా పళ్లెంలో పుట్టగొడుగుల చుట్టలు విడిగా పెట్టించారు. తినడం మొదలుపెట్టే ముందు చిన్నవాళ్లు పళ్లెం చుట్టూ ఉన్న ప్రతి పెద్దమనిషినీ వరసపెట్టి పిలిచి, ‘మోయ్’ అంటూ తినమని కోరాలి. అందరినీ పిలవడం పూర్తికానిదే తినే పుల్లలు ఎత్తకూడదు. ఇందుకోసం నా వరసలు తేలాలి గనుక, నా వయసే కాదు, మా అమ్మ వయసు, నాన్న వయసు కూడా అడిగారు. పెళ్లికూతురి తల్లి మా అమ్మకంటే రెండేళ్లు చిన్నది కాబట్టి ఆమె నాకు ‘కో’, పెద్దదై ఉంటే ‘బాక్’ అయ్యేది. పిన్నీ పెద్దమ్మా, బాబాయీ పెదనాన్నా అని విడదీసి పిలిచే మనకు ఇది ఎంత సహజంగా అర్థమవుతుందో చెప్పనక్కరలేదు. అక్కడ ఇంకొక మెట్టు ఎక్కువ: అవతలి మనిషిని బట్టి ‘నేను’ అనే మాట కూడా మారిపోతుంది. వరస తెలియకపోతే ఆ భాషలో మర్యాదగా నోరు విప్పడమే కష్టం. వయసు అడిగారని నొచ్చుకునే విదేశీయులకు నేను చెప్పేది ఇదే, వాళ్లు అడుగుతున్నది మిమ్మల్ని ఏమని పిలవాలో తెలుసుకోవడానికి.

కవరు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. వస్తువుల కానుకలు ఎవరూ తేరు. శుభలేఖతోబాటు వచ్చిన కవరులోనో, ఎర్ర కవరులోనో డబ్బు పెట్టి, పైన పేరు రాసి పెట్టెలో వేస్తారు. రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసుకుంటారు, రేపు వాళ్లింట పెళ్లికి అంతకు తగ్గకుండా ఇవ్వాలి. మన చదివింపుల పుస్తకానికీ దానికీ తేడా లేదు. నేను 5,00,000 దోంగ్‌లు పెట్టాను, మన రూపాయల్లో పదహారు వందల పైచిలుకు అవుతుంది, ఆఫీసులో అందరూ ఇచ్చేదీ అంతే. బట్టల విషయంలో ఒక్కటే జాగ్రత్త. తెలుపు వాళ్లకు చావు తలపాగా రంగు, ఒంటినిండా తెలుపు వేసుకుని వెళ్లకూడదు. నేను పట్టుచీర కట్టుకున్నాను, ఆకుపచ్చకు మామిడిపండు రంగు అంచు. ఆ ఊరి ఆడవాళ్లు ఆ కుచ్చిళ్లను తాకి చూడడానికి సిగ్గుపడుతూ ఒకరి తరవాత ఒకరు వచ్చారు.

పెళ్లినాటి ఉదయం సన్నని తుంపర, చలి. ఏడుంపావుకు పెళ్లికొడుకు తల్లి, ఒక ముసలావిడను వెంటబెట్టుకుని, చిన్న పళ్లెంలో ఆకూ వక్కా మద్యం పట్టుకుని అందరికంటే ముందుగా వచ్చింది. పెళ్లివారు సందు చివర ఆగి ఉన్నారని, పిల్లను తీసుకువెళ్లడానికి అనుమతి ఇవ్వమని అడగడానికి. మాట ఎప్పుడో కుదిరింది, పళ్లేలు అందాయి, విందు అయింది, అయినా చివరి నిమిషంలో అత్తగారు స్వయంగా వచ్చి మరోసారి అడగాలి. ఈ ఒక్క మర్యాద నాకు ఆ పెళ్లి మొత్తంలో అన్నిటికంటే నచ్చింది. అవునన్న తరవాతే ఊరేగింపు లోపలికి వచ్చింది. వధూవరులు మళ్లీ పీఠానికి మొక్కారు, తల్లి బంగారు కంటెను కూతురి మెడలో వేసింది. కంటె కొక్కెం పడడం లేదు. ఆమె వేళ్లు మూడుసార్లు జారాయి, నాలుగోసారి కూతురే చెయ్యి వెనక్కి పెట్టి ఆ వేళ్లను పట్టుకుని సరిచేసింది.

ఉత్తరాది పాత ఆచారం ప్రకారం కూతురిని దిగబెట్టడానికి తల్లి వెళ్లదు. తండ్రి వెళతాడు, మేనమామలు, పిన్నులు, స్నేహితులు అందరూ వెళతారు. ఇప్పుడు చాలామంది తల్లులు వెళుతున్నారు గానీ ఈ ఇంట్లో నాయనమ్మ మాట నడిచింది. మన అప్పగింతల్లో తల్లి అందరి ముందూ ఏడవవచ్చు, బిడ్డ చేతిని పాలలో ముంచి అత్తవారి చేతుల్లో పెట్టవచ్చు. ఇక్కడ ఆమె గడప లోపల నిలబడి ఉంది. బస్సులో నాకు చోటు ఉంచారు. ఎక్కబోతుంటే పెళ్లికూతురు నా చెవి దగ్గరకు వచ్చి, ‘చి, అమ్మ దగ్గర ఉండవా’ అంది. ఉంటానన్నాను. వెనక్కి తిరిగి చూడకూడదని ఆమెకు చెప్పి పంపారు, ఆమె చూడలేదు.

సందు ఖాళీ అయింది. పొరుగు ఆడవాళ్లు గిన్నెలు కడుగుతున్నారు, తడిసిన పందిరి గుడ్డలోంచి నీళ్లు బొట్లుబొట్లుగా కుర్చీలమీద పడుతున్నాయి. తల్లి పీఠం ఎదుటి చెక్క బల్లమీద కూర్చుంది, నేను ఆమె పక్కన కూర్చున్నాను. పెళ్లికొడుకు ఇల్లు హనోయ్‌కి అవతల హా దోంగ్ వైపు, ఎర్ర నది దాటి వెళ్లాలి. కోడలు గడప తొక్కవలసింది పాము గడియలో, తొమ్మిదికీ పదకొండుకీ మధ్య. పది అయింది. వంతెన మీద వాహనాలు ఆగిపోయాయని ఎవరో కబురు చెప్పారు. ఆమె గోడ గడియారం వైపు చూడకుండా, ఒళ్లో ఉన్న తువ్వాలును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. పదిన్నరకు నాకు టీ పోసింది, తనకు పోసుకోలేదు. పది గంటల నలభై రెండు నిమిషాలకు ఫోను మోగింది. అవతలినుంచి బాజాల చప్పుడులో భర్త గొంతు నాకూ వినిపించింది. ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న, లోపలికి అడుగు పెట్టిందా అని. పెట్టిందన్నారు. ఆమె ఫోను బల్లమీద పెట్టి లేచింది. పొద్దున వెలిగించిన అగరువత్తులు కాలి బూడిద వంకరలుగా నిలిచి ఉంది. కొత్తవి మూడు తీసి, దీపం దగ్గర అంటించి, అందులో ఒకటి నా చేతికి ఇచ్చింది.